జోకొట్టే చెయ్యి

పిల్లలను నిద్రపుచ్చడంలో వెంకటశేషమ్మను మించిన ఆయా కోట మండలంలోనే లేదన్నది నలుగురూ ఒప్పుకున్న మాట. రెండు నెలల కిందట కోటలో జరిగిన సమావేశంలో, అన్ని అంగన్‌వాడీల వారూ చూస్తుండగా, సూపర్‌వైజరు ఆమెను లేచి నిలబడమన్నది.

"కొత్తకాలువ పాళెం సెంటర్లో ఏడుపే వినపడదు. ఎట్లా నిద్రపుచ్చుతావో నీ తోటివాళ్ళకు చెప్పమ్మా."

వెంకటశేషమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఏముండాదమ్మా! వీపుమింద చెయ్యి ఆనిచ్చి, అల వచ్చినట్టు రెండు, పొయినట్టు ఒకటి. అంతే" అంటూ గాలిలోనే కొట్టి చూపింది. ఆయాలందరూ తమ తమ తొడల మీద అలాగే కొట్టి చూసుకున్నారు.

ఇంటికి వచ్చి ఈ ముచ్చట చెబితే, వల బాగుచేసుకుంటున్న మొగుడు పెంచలకృష్ణ ముఖమైనా ఎత్తలేదు. "మండలానికంతా నిద్ర పంచిపెడతాండావు. నాకు మాత్రం గురక పెట్టి ఉన్న నిద్ర గూడా చెడగొడతాండావు గదమ్మే" అన్నాడు.

"నీ వీపుకు ఈ చెయ్యి చాలదయ్యా, తెడ్డు కావాల" అని ఆమె బదులు చెప్పింది.

అయినా ఆ రాత్రి పడుకునేముందు తన కుడిచేతిని తానే ఒకసారి తిప్పి చూసుకున్నది. పదిహేనేళ్ళపాటు చేపలగంపను తలమీద పట్టి నిలిపిన చెయ్యి అది. వయసులో ఉన్నప్పుడు ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ముగ్గురు బిడ్డలనూ అత్త పక్కలోకి జరిపి, పడవ దిగిన చేపను గంపకెత్తుకుని కోట అంగడికి నడిచేది. తిరిగివచ్చేసరికి పిల్లలు బువ్వ తిని, తల దువ్వించుకుని, అత్త చుట్టూ ఆడుకుంటూ ఉండేవారు. మోకాళ్ళు అరిగి గంప మోయలేని స్థితి వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ళ కిందట, ఈ ఆయా ఉద్యోగం దొరికింది. గంప పట్టిన చెయ్యి చేప నీచునే తప్ప మెప్పును ఎరుగదు. ముసలితనం దగ్గరపడే వేళకు ఇంత పేరు రావడం దైవకృపేనని ఆమె నమ్మింది.

సెంటరు పాళెం చివర, ఉప్పుకాలువకు ఇవతలి గట్టున ఉన్నది. కాలువకు అవతల రొయ్యల చెరువులు, వాటి పక్కన పద్నాలుగు గడపల గిరిజన కాలనీ. టీచరు రాఘవమ్మ రోజూ కోట నుంచి ఆటోలో తొమ్మిదింటికి వచ్చేది. మూడేళ్ళ కిందటి వరకు ఆ సెంటరుకు పాళెం పిల్లలు తప్ప కాలనీ పిల్లలు వచ్చేవారు కారు. వాళ్ళు రావచ్చునని కాలనీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. రాకూడదనీ ఎవరూ చెప్పలేదు. అది అలా జరిగిపోతూ వచ్చింది. రాఘవమ్మ కొత్తగా వచ్చి, కాలువ దాటి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు రాసుకు వచ్చినప్పుడు పాళెంలో గొణుగుడు పుట్టింది. ఆ గొణుగుడులో వెంకటశేషమ్మ గొంతు కూడా కొంత కలిసింది.

"వాళ్ళ పిలకాయలు మన మాట వింటారా టీచరమ్మా? గట్లమింద తిరిగే పిలకాయలు."

తీరా చూస్తే వాళ్ళంత సాధువులు లేరు. కాలనీ నుంచి వచ్చేది నాలుగేళ్ళలోపు పిల్లలు అయిదుగురు. తల్లులు పొద్దున అయిదింటికే రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కి, రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళిపోయేవారు. వెళుతూ పిల్లలను పోలేరమ్మ అనే ముసలామె వసారాలో ఒకే చాప మీద పడుకోబెట్టేవారు. పోలేరమ్మకు చూపు సరిగా ఆనదు. ఎనిమిదిన్నరకు వెంకటశేషమ్మ సెంటరు ఊడ్చి, కాలువ మీది చప్టా దాటి, చంకకొకరిని ఎత్తుకుని, రెండు మూడు దఫాలుగా ఆ అయిదుగురినీ తెచ్చేది. ఎత్తుకున్నప్పుడు బిడ్డ కాస్త కదిలితే చెయ్యి వేసేది. రెండు దెబ్బలు, ఒక దెబ్బ. బిడ్డ మళ్ళీ తల వాల్చేది. పాళెం పిల్లలు ఆటలతో గోలచేస్తుంటే, ఈ అయిదుగురూ ఎండకు పరిచిన చేపల్లా వరుసగా, పదకొండింటి దాకా కదలకుండా పడుకునేవారు.

"బంగారాలమ్మే మీ బిడ్డలు! మా పాళెం పిలకాయలుండారు చూడు, దెయ్యాలు" అని సాయంత్రం తల్లులతో అనేది. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవారు. ఆ నవ్వు సంతోషమని ఆమె అనుకున్నది.

వాళ్ళలో స్వర్ణకు ఇరవై మూడేళ్ళు. మొగుడు శివ చెరువుల దగ్గర రాత్రి కాపలా. పొద్దున పది దాటితే గాని ఇల్లు చేరడు. ఒక్కతే కూతురు, రెండున్నరేళ్ళ కామాక్షి. ఆ పిల్లకు కోడిగుడ్డు మీద ప్రాణం. ముందు పచ్చసొన తిని, తెల్లసొనను చివరిదాకా పిడికిట్లో దాచుకునేది. వెంకటశేషమ్మకు అయిదుగురిలోనూ ఆ పిల్ల మీదే మక్కువ.

ఒక సోమవారం ఎందుకో కామాక్షి పదింటికే లేచి కూర్చున్నది. లేచి ఊరకున్నదా, పక్కవాళ్ళ జుట్టు పట్టి గుంజి లేపింది. సాయంత్రం స్వర్ణ రాగానే వెంకటశేషమ్మ సగం వేళాకోళంగా అన్నది:

"నీ కూతురు ఈ పొద్దు నా పరువు తీసిందమ్మే. ఎంత జోకొట్టినా పడుకోలే. అందర్నీ లేపేసింది. ఇట్టయితే నా వల్ల కాదు, చెప్తాండా."

స్వర్ణ ముఖం పాలిపోయింది. "ఇంకోసారి అట్ట చెయ్యదు ఆయమ్మా. నేను చూసుకుంటా" అని బిడ్డను చంకనేసుకుని గబగబా చప్టా దాటిపోయింది. వెంకటశేషమ్మ ఆ మాటను అప్పుడే మరచిపోయింది.

మరునాడు మంగళవారం. పోలేరమ్మ వసారాలో కామాక్షిని ఎత్తుకున్నప్పుడు ఆ పిల్ల తల వెనక్కి వేలాడింది. రోజూ కంటే బరువుగా ఉన్నదనిపించింది గాని, "నిన్నటి నిద్రంతా ఈ పొద్దు తీర్చుకుంటాండావా తల్లీ" అని ముద్దుచేసి, భుజాన వేసుకుని జోకొడుతూ తీసుకువచ్చింది. పిల్ల నోటి దగ్గర తియ్యని వాసన. ఆ వాసన కాలనీ పిల్లలందరి నోళ్ళలోనూ ఆమె ఏడాదిగా ఎరిగినదే. తల్లులు పొద్దున్నే బెల్లం ముక్క పెట్టి వెళతారని ఊహించుకుని, ఎంత పేదవాళ్ళయినా ఎంత ప్రేమ అని మురిసిపోయేది కూడా.

పదకొండింటికి రాఘవమ్మ గుడ్లు వలిచి పెట్టింది. నలుగురు లేచారు. కామాక్షి లేవలేదు.

"మే, గుడ్డు! పచ్చసొన నేను తినేస్తాండా, చూడు" అని వెంకటశేషమ్మ గుడ్డును ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. ముక్కుపుట కూడా అదరలేదు. బుగ్గ తట్టింది. అరికాలు గిల్లింది. రెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు పైకి పోయి తెల్లగా కనిపించింది. పెదవుల చుట్టూ నీలిరంగు కమ్ముతున్నది. గుండె మీద చెయ్యి పెడితే, ఊపిరి వస్తున్నది గాని, ఒక ఊపిరికీ మరొక ఊపిరికీ మధ్య ఇంత ఎడం ఉండవచ్చునని ఆమె ఎన్నడూ ఎరగదు.

"టీచరమ్మా!"

ఆ కేకకు పాళెం పిల్లలందరూ ఒక్కసారి నోళ్ళు మూసుకున్నారు. రాఘవమ్మ ఫోను తీసింది. అంబులెన్సు రావడానికి అరగంట పడుతుందన్నారు. పిల్లలను పక్కింటామెకు ఒప్పజెప్పి, చేపల ఆటో అశోక్‌ను కేకేసి, ఇద్దరూ బిడ్డతో ఎక్కారు. ఐసుగడ్డల నీళ్ళు కారుతున్న ఆ ఆటో గతుకుల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతున్నది. వెంకటశేషమ్మ కళ్ళు బిడ్డ ముఖం మీద నిలిచిపోయాయి. పెదవులు ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాయి. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతున్నది. రెండు దెబ్బలు, ఒక దెబ్బ. రెండు దెబ్బలు, ఒక దెబ్బ.

రాఘవమ్మ ఒక్కసారిగా ఆ మణికట్టు పట్టుకున్నది. "జోకొట్టొద్దు శేషమ్మా! లేపు! లేపు!"

వెంకటశేషమ్మ తన చేతివంక చూసి అదిరిపడింది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు పక్కకు లాక్కున్నది.

కోట ఆసుపత్రిలో డాక్టరు చిన్నవయసు మనిషి. బిడ్డ ముక్కుకు ఆక్సిజన్ తగిలించి, నోటి దగ్గర వంగి వాసన చూశాడు. తల ఎత్తి, "ఏం మందు పోశారమ్మా?" అన్నాడు.

"మందేందయ్యా? నా చేతిలో నిద్రపోయింది ఈ బిడ్డ! మండలమంతా ఎరుగును నా చెయ్యి" అని వెంకటశేషమ్మ ఉరిమింది.

"నిద్ర కాదమ్మా ఇది. పెద్దవాళ్ళు తాగే దగ్గుమందు. మత్తు. అదీ మామూలుగా కాదు, ఎక్కువగా పోశారు. ఈ వాసన మీకెవరికీ తెలియలేదా?"

తెలియలేదా! ఏడాదిగా రోజూ పీల్చిన వాసన. వెంకటశేషమ్మ గోడవార కింద కూర్చున్నది. ఏడాదిగా తన భుజం మీద వాలిన తలలన్నీ కళ్ళముందు వరుసగా వచ్చి వాలాయి. మండల సమావేశంలో గాలిలో కొట్టి చూపిన తన చెయ్యి, దానిని చూసి తొడలు తట్టుకున్న ఆయాలు, కొంగు అడ్డం పెట్టుకున్న తన సిగ్గు, అన్నీ కట్టకట్టుకుని ఎదుట నిలిచాయి. ఈ చెయ్యి ఒక్కనాడు, ఒక్క బిడ్డనైనా నిద్రపుచ్చిందా?

పన్నెండున్నరకు స్వర్ణ పరుగెత్తుకుంటూ వచ్చింది. షెడ్డు ఆప్రాను విప్పనైనా లేదు. చేతుల నిండా రొయ్యల పొట్టు. ఆమెను చూడగానే వెంకటశేషమ్మకు పోయిన శక్తి తిరిగివచ్చింది. లేచి రెక్క పట్టుకున్నది.

"కన్నతల్లివేనా నువ్వు? పాలు తాగే నోట్లో విషం పోస్తావా? ఏం పుట్టిందమ్మే నీకు?"

స్వర్ణ ఆ చేతిని విదిలించుకోలేదు. అద్దం తలుపు అవతల పడుకున్న బిడ్డను చూస్తూ, చూస్తూనే అన్నది:

"ఒక మూత పోసేదాన్ని. నిన్న నువ్వు అన్నావు గదా, ఇట్టయితే నీ వల్ల కాదని. మా పిల్లను రానియ్యరని భయమేసింది. ఈ పొద్దు రెండు పోసినా."

వెంకటశేషమ్మ పట్టు సడలింది. నిన్న సాయంత్రం, చీపురు మూల పెడుతూ, నవ్వుతూ విసిరిన ఒక్క మాట. ఆ మాట కాలువ దాటి వెళ్ళి, ఒక మూతను రెండు మూతలు చేసింది.

"నేను... నేను ఊరికినే అన్నానమ్మే. నవ్వులాటకు."

"మాకట్ట తెలుస్తాదా ఆయమ్మా? మూడేళ్ళ కిందటే గదా మమ్మల్ని లోపలికి రానిచ్చినారు."

"అయితే మాత్రం మందు పోస్తారా? ఎవురు చెప్పినారు మీకు?"

స్వర్ణ అప్పుడు తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "పోయినేడు మా ఉష బిడ్డ చెరువు గుంటలో పడి పోయినాక, మేమే అనుకున్నాం. ఉష అంతకుముందు ఇంకో పిల్లకు జలుబని ఈ మందు పోస్తే మద్దేన్నం దాకా పడుకుండాది. వ్యాను అయిదుకి వస్తాది. నువ్వు ఎనిమిదిన్నరకు వస్తావు. ఆ మధ్యలో పోలేరమ్మవ్వకు కళ్ళు ఆనవు, పక్కనే నీళ్ళు. నిద్రపోయిన బిడ్డ నీళ్ళకాడికి పోదు గదా? అందరం పోస్తాం. నువ్వు గూడా మెచ్చుకుంటివే, బంగారాలని."

ఉష బిడ్డ చావుకు వెంకటశేషమ్మ కూడా వెళ్ళింది. చెరువు గట్టున పడి దొర్లుతున్న ఉషను చూసి, తిరిగివస్తూ దారిలో, "కన్నతల్లికి ఒళ్ళు తెలియబళ్ళా? బిడ్డను వదిలేసి ఎట్ట పోయింది?" అన్నది. అన్న తాను, నాలుగింటికి గంప ఎత్తుకుని ఎట్లా పోయింది? తనకు అత్త ఉండేది. గడపకు అడ్డంగా కాళ్ళు చాపుకుని, ముగ్గురు పిల్లలనూ దాటనివ్వని అత్త. స్వర్ణకు ఒక చాప ఉన్నది; ఒక గుడ్డి వసారా ఉన్నది. ఏడాదిపాటు ఆ వసారాకు రోజూ వెళ్ళి, ఆ చాప మీది నుంచే పిల్లలను ఎత్తుకు వచ్చిన తాను, అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా వీళ్ళకు దిక్కెవరని ఒక్కనాడైనా అడిగిందా?

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చున్నారు. శివ వచ్చి గోడవార నిలబడ్డాడు. సాయంత్రానికి తేరుకోకపోతే నెల్లూరుకు పంపాలని డాక్టరు చెప్పి పోయాడు. నాలుగున్నర ప్రాంతంలో లోపలి నుంచి ఒక మూలుగు, ఆ వెంటనే సూది గుచ్చిన చేతిని ఎవరో పట్టుకున్నందుకు పట్టరాని కోపంతో ఒక ఏడుపు వినవచ్చాయి. స్వర్ణ లోపలికి దూకింది. వెంకటశేషమ్మ కదలలేదు. ఎనిమిదేళ్ళుగా ఏడుపును ఆపడమే పనిగా బతికిన మనిషి, ఆ ఏడుపు ఎక్కడ ఆగిపోతుందోనని బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుని విన్నది.

తిరిగివచ్చి ఇంటికి పోలేదు. నేరుగా కాలువ దాటి పోలేరమ్మ వసారాకు వెళ్ళింది. ముసలామె తడుముకుంటూ లేచి, అడగకముందే చూరులో చెయ్యి పెట్టి సీసాను దించింది. పక్కనే మరొక రెండు ఖాళీవి.

"నన్ను తిట్టబాక శేషమ్మా. లేచి నడిచినారంటే నేను ఏ తట్టు పరిగెత్తేది? అడుగుల సప్పుడు వినపడతాది, ఎక్కడో కనపడదు" అన్నది పోలేరమ్మ.

వెంకటశేషమ్మ మూడు సీసాలనూ కొంగులో మూటగట్టుకున్నది.

మరునాడు రాఘవమ్మ సెంటరును తెల్లవారుజామునే తెరవడం గురించి సూపర్‌వైజరుతో మాట్లాడి, ఫోను వెంకటశేషమ్మకు ఇచ్చింది.

"తొమ్మిదికి ముందు సెంటరు తెరవమని ఆర్డరు లేదమ్మా. ఏమన్నా జరిగితే బాధ్యత ఎవరిది?" అన్నది సూపర్‌వైజరు.

"తెరవక జరిగింది గదమ్మా. దానికి ఎవురిది?"

"పైకి రాస్తాను. ఎప్పుడు వస్తుందో చెప్పలేను" అని, గొంతు తగ్గించి, "ఊడవడానికి నువ్వు ఎన్నింటికి వస్తావన్నది నేను అడగను" అన్నది.

"నాలుగున్నరకు వస్తానమ్మా. నిండా చెత్త పడతాండాది."

పెంచలకృష్ణ ఆ రోజంతా ఎగతాళి మాట ఒక్కటీ ఆడలేదు. సముద్రానికి పనికిరాని పాతవలను రెండు మడతలు వేసి, సెంటరు వాకిలికి నడుం ఎత్తున అడ్డంగా బిగించాడు. పిల్లలు వేళ్ళు దూర్చి పట్టుకోవచ్చు, దాటి పోలేరు. వల లాగి చూసి, "పెద్దచేపలే తప్పించుకోలేదు దీంట్లోంచి" అన్నాడు. అది అత్త చాపిన కాళ్ళలా ఉన్నదని వెంకటశేషమ్మకు తోచింది గాని, చెప్పలేదు.

మొదటిరోజు అయిదింటికి షెడ్డు వ్యాను హారను మోగింది. కాలనీ తల్లులు చప్టా దాటి వచ్చి, మెలకువగా ఉన్న పిల్లలను వల మీదుగా అందించారు. అందుకున్న ప్రతి బిడ్డ నోటినీ ఆమె ముందు వాసన చూసింది. తల్లులు తల వంచుకున్నారు గాని కాదనలేదు. వ్యాను కదలగానే నలుగురూ ఒకేసారి రాగం ఎత్తారు. ఒకడు వలకు వేలాడాడు. ఒకతె నీళ్ళబిందె దొర్లించింది. సాధువులనుకున్న పిల్లలు! అలవాటు కొద్దీ ఒకణ్ణి ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. రెండు దెబ్బలు, ఒక దెబ్బ. వాడు ఆమె చేతిని కొరికి లేచిపోయాడు. ఆ చేతిలో ఏ మహిమా లేదు. అన్నీ ఎరిగిన మనిషి కూడా ఆ సంగతి కళ్ళారా చూసేసరికి మళ్ళీ ఒకసారి నివ్వెరపోయింది.

తొమ్మిదింటికి ఆటో దిగిన రాఘవమ్మ రోడ్డు మీదే ఆగిపోయింది. "ఏందిది శేషమ్మా, అంగడిలాగా ఈ గోల?"

"మేలుకోనుండారు టీచరమ్మా" అన్నది వెంకటశేషమ్మ. జుట్టు ఊడి, కొంగు తడిసి, ఆమె నిలబడలేని స్థితిలో ఉన్నది.

ఎనిమిది రోజులకు కామాక్షి తిరిగివచ్చింది. చిక్కిపోయింది గాని నోరు చిక్కలేదు. ఆ పొద్దంతా పరుగులు పెట్టి, పచ్చసొన తిని, తెల్లసొన పిడికిట్లో పట్టుకునే, ఒంటిగంటకు గోడవార దానంతటదే ఒరిగి నిద్రపోయింది. ఎవరూ జోకొట్టలేదు, ఎవరూ ఏమీ పోయలేదు.

వెంకటశేషమ్మ పక్కన కూర్చుని చూసింది. ఊపిరి సమంగా ఉన్నది. నోట కోడిగుడ్డు వాసన తప్ప మరొకటి లేదు. అన్నీ తెలుసు. అయినా ముక్కు దగ్గర వేలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"మంచి నిద్ర శేషమ్మా, ఉండనియ్యి" అన్నది రాఘవమ్మ.

"తెలుసు టీచరమ్మా" అంటూనే వెంకటశేషమ్మ బిడ్డ భుజం పట్టి కుదిపింది. కామాక్షి ఉలిక్కిపడి లేచి, పిడికిట్లోని తెల్లసొనను ఆమె ముఖాన విసిరికొట్టింది.

"పో, ముసల్దానా!"

పాళెం పిల్లలు పకపక నవ్వారు. వెంకటశేషమ్మ ముఖం తుడుచుకోలేదు. ఇంకొక మాట అనమన్నట్టు ఆ పిల్ల నోటివంకే చూస్తూ కూర్చున్నది.